ఆమేన్ అనేలోపే గొడవ: తల్లుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ తల్లులవే. పిల్లలు దేవుణ్ణి ఎరిగి పెరగాలన్న ఆశ అన్నింట్లోనూ ఉంది, దాని పక్కనే "నేను సరిగ్గా చేయట్లేదేమో" అన్న దిగులూ ఉంది. అందుకే ఈ శీర్షిక మొత్తం వాళ్ళకే కేటాయిస్తున్నాను. పేర్లు, ఊర్లు తీసేశాం.

ప్రశ్న: వందనాలు అక్కా. మాకు పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన జరగాలన్నది పెళ్ళైనప్పటి నుంచీ నా కోరిక. కానీ అది గొడవతోనే ముగుస్తోంది. నేను అధ్యాయం చదువుతుంటే బాబు దిండు కిందికి దూరతాడు, పాప గడియారం వైపు చూస్తుంది, మా ఆయన కునికిపాట్లు పడతారు. నాకు కోపం వచ్చి అరుస్తాను. ఆ అరిచిన గొంతుతోనే ఆమేన్ అంటాను. ఇలా చేసే కంటే మానేయడమే మేలేమో?

జవాబు: మానేయకండి, కాకపోతే చాలా చిన్నగా చేయండి. రోజంతా బడిలో కూర్చుని వచ్చిన ఆరేళ్ళ పిల్లాడు నిద్ర ముంచుకొచ్చే వేళ ఒక పూర్తి అధ్యాయం వినలేడు, వాడికి భక్తి లేదనుకోకండి, వాడి వయసే అంత. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి, 117వ కీర్తనలో రెండే ఉన్నాయి, బైబిల్లో అంతకంటే చిన్న అధ్యాయం లేదు, అదీ దేవుని వాక్యమే కదా. కొన్నాళ్ళు మార్కు సువార్త పట్టుకుని రోజుకి ఒక్క సంఘటన చెప్పండి, చదవడం కాదు, పుస్తకం పక్కన పెట్టి మీ మాటల్లో చెప్పండి. తుఫానులో పడవ మునిగిపోయేలా ఉంటే ప్రభువు వెనక వైపు తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడని నాలుగో అధ్యాయంలో ఉంది. దిండు కిందికి దూరే మీ బాబుకి ఆ సంగతి చెప్పి చూడండి, తల బయటికి పెట్టి "అంత గాలిలో ఎలా పడుకున్నాడు?" అని వాడే అడుగుతాడు.

పాపని ఇంకోలా కలుపుకోవాలి. పదకొండేళ్ళ పిల్లకి తనదంటూ ఒక లోకం మొదలై ఉంటుంది. ప్రార్థనకి ముందు "రేపు నీకు దేని గురించైనా టెన్షన్‌గా ఉందా?" అని అడగండి. లెక్కల పరీక్ష అంటుందో, స్నేహితురాలు మాట్లాడటం మానేసిందంటుందో, ఏదైనా సరే, ఆ రాత్రి ఆ ఒక్క సంగతి కోసమే ప్రార్థించి ముగించండి. మర్నాడు సాయంత్రం ఏమైందో తప్పకుండా అడగండి. అడగకపోతే మనం దేవుడితో చెప్పింది మనకే గుర్తులేదని పిల్లకి అర్థమైపోతుంది, అప్పుడు దేవుడికి మాత్రం గుర్తుంటుందని ఎలా నమ్ముతుంది?

ఇక అరవడం సంగతి. అరిచిన రోజున, ఆమేన్ అయిపోయాక అయినా సరే, పిల్లలు వినేలా "ప్రభువా, ఇందాక నేను అనవసరంగా అరిచాను, నన్ను క్షమించు" అనండి. తర్వాత బాబు వైపు తిరిగి "నిన్ను అలా అనకూడదు నాన్నా" అనండి. క్షమాపణ గురించి మీరు ఎన్ని వాక్యాలు కంఠస్థం చేయించినా ఆ అర నిమిషం నేర్పినంత నేర్పలేవని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అమ్మకి కూడా దేవుడు కావాలని పిల్లలు కళ్ళారా చూసేది అప్పుడే. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాక్యం గురించి పిల్లలతో మాట్లాడాలని మోషే చెప్పాడు, ఆ వచనం అందరికీ తెలుసు. దాని ముందు వచనాన్ని తొందరగా దాటేస్తాం. ఈ మాటలు "నీ హృదయములో ఉండవలెను" అన్నది అక్కడుంది. ముందు మన గుండె, తర్వాత పిల్లల చెవులు.

మీ ఆయన గురించి: ప్రార్థన రాత్రి పొద్దుపోయాకే ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన మేలుకుని ఉండే వేళకి మార్చండి, చెప్పే పని వారంలో కొన్ని రోజులు ఆయనకే అప్పగించండి. ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లల్ని ప్రభువు బోధలో పెంచమని పౌలు చెప్పింది తండ్రులతోనే, ఈ బరువంతా అమ్మ ఒక్కతే మోయాలని వాక్యం ఎక్కడా అనలేదు.

ప్రశ్న: బాబు పుట్టి ఐదు నెలలైంది. ఇంతకు ముందు తెల్లవారుజామునే లేచి ప్రార్థించేదాన్ని, ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేసేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుంటే నిద్రపోతున్నాను. కారణం లేకుండా ఏడుపొస్తోంది. సంఘంలో ఒక పెద్దావిడకి చెబితే "నీ మొదటి ప్రేమ చల్లారిపోయింది" అన్నారు. అప్పటి నుంచి దేవుడి ముందుకి వెళ్ళాలంటేనే భయంగా ఉంది.

జవాబు: ఆ మాట పక్కన పెట్టేయమ్మా. యెషయా 40:11 తీసి చదువు. దేవుడు కాపరిలా తన మందను మేపుతాడని, గొర్రెపిల్లల్ని రొమ్మున ఆనించుకుని మోస్తాడని చెప్పి, ఆ వెంటనే "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును" అంటాడు. పాలిచ్చే తల్లి అందరితో సమానంగా పరిగెత్తలేదని ఆయనకి తెలుసు, అందుకని ఆయన నడకే తగ్గిస్తాడు. తెల్లవారుజాము ప్రార్థన మళ్ళీ వస్తుంది, తొందరలేదు. ఇప్పుడు రాత్రి బాబుకి పాలు పట్టేటప్పుడు ఒక్క వచనం, ఒక్క పాట పల్లవి, అదీ రాకపోతే "ప్రభువా, కనికరించు" అన్న రెండు మాటలు చాలు. ఆ గొంతు వింటూనే కదా వాడు నిద్రపోయేది.

కానీ కారణం లేని ఏడుపు గురించి మాత్రం డాక్టర్‌తో మాట్లాడాలి, వాయిదా వేయకు. కాన్పు తర్వాత మొదటి రెండు వారాలు దిగులుగా ఉండటం చాలామందికి మామూలే, ఐదు నెలలైనా తగ్గలేదంటే చూపించుకోవాల్సిందే. ప్రపంచవ్యాప్తంగా ప్రసవించిన తల్లుల్లో దాదాపు 13 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి చికిత్స ఉంది, పాలిచ్చే తల్లులకి ఇవ్వగలిగిన మందులూ ఉన్నాయి. నీకు నువ్వు హాని చేసుకోవాలనో, బిడ్డకి ఏదైనా చేయాలనో ఆలోచన తోస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్ళకి చెప్పి ఆసుపత్రికి వెళ్ళు. వైద్యం చేయించుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే వాళ్ళకి మొదటి రాజులు 19వ అధ్యాయం చూపించు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసెయ్యమని ప్రార్థించాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు, లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఇదంతా అయ్యాకే.

ప్రశ్న: పిల్లలు మాట వినకపోతే "దేవుడు చూస్తున్నాడు, కళ్ళు పోతాయి" అంటాను. భయం ఉంటేనే కదా భక్తి?

జవాబు: ఈ మాట మానేయండి. కళ్ళు పోవని పిల్లలు త్వరలోనే కనిపెడతారు, అప్పుడు మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. దేవుడు చూస్తున్నాడన్నది నిజం, దాన్ని బెదిరింపుగా వాడకండి. చీకట్లో భయపడినప్పుడు, బడిలో ఎవరైనా ఏడిపించినప్పుడు "దేవుడు నిన్ను చూస్తున్నాడు" అని చెప్పండి. అబ్రాహాము ఇంటి దాసి హాగరు అరణ్యంలో ఒంటరిగా ఉన్నప్పుడు దేవుణ్ణి "చూచుచున్న దేవుడవు" అని పిలిచింది భయపడి కాదు, ధైర్యం తెచ్చుకుని.

ప్రశ్న: నా భర్త విశ్వాసి కాదు. మంచి మనిషి, నన్ను మందిరానికి వెళ్ళొద్దని ఎప్పుడూ అనలేదు, అలాగని రారు. రోజూ రాత్రి పిల్లలతో కలిసి "నాన్నని మార్చు ప్రభువా" అని ప్రార్థిస్తాం. ఇలాంటి ఇంట్లో పిల్లలకి విశ్వాసం నిలుస్తుందా?

జవాబు: పౌలు శిష్యుడు తిమోతి ఇల్లు అలాంటిదే. తల్లి యూదురాలు, విశ్వాసి. తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది, ఆయన విశ్వాసి అని ఎక్కడా లేదు. అయినా అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉన్న నిష్కపటమైన విశ్వాసమే తిమోతిలోనూ ఉందని పౌలు రాశాడు. బాల్యం నుంచే లేఖనాలు తెలిసినవాడని కూడా రాశాడు. ఎవరు నేర్పి ఉంటారో ఊహించడం కష్టమేం కాదు.

ఒక్క విషయం మార్చుకోండి. భర్త కోసం ప్రార్థించండి, రోజూ ప్రార్థించండి, కానీ ఆ ప్రార్థన మీ గదిలో, మీరు ఒక్కరే ఉన్నప్పుడు. పక్క గదిలో ఆయనకి వినపడేలా పిల్లల నోట "నాన్నని మార్చు" అని రోజూ అనిపిస్తే ఇంట్లో ఒకే మనిషి దోషిగా నిలబడతాడు. పిల్లలు తండ్రికీ దేవుడికీ మధ్య ఎవరినో ఒకరిని ఎంచుకోవాలేమోనని నలిగిపోతారు. పిల్లలతో కలిసి చేసేటప్పుడు "నాన్నని ఇచ్చినందుకు స్తోత్రం, ఈరోజు ఆయన పనిలో తోడుగా ఉండు" అనండి. మొదటి పేతురు మూడో అధ్యాయంలో వాక్యానికి లోబడని భర్తలు "వాక్యము లేకుండనే" భార్యల నడవడి చూసి రాబట్టబడవచ్చని ఉంది. ఎప్పటికి వస్తారో నేను చెప్పలేను, ఆ బాధ్యత మీది కాదని మాత్రం చెప్పగలను.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడు. సండే స్కూల్లో ఎప్పుడూ బహుమతులు తెచ్చుకునేవాడు. గత ఆదివారం "నాకు నమ్మకం లేదమ్మా, నటించలేను" అని మందిరానికి రానన్నాడు. బాలుడు నడవాల్సిన త్రోవ నేర్పితే పెద్దయ్యాక తొలగిపోడని సామెతల్లో ఉంది కదా. అంటే నేనే సరిగ్గా నేర్పలేదా?

జవాబు: ఆ వచనం వల్ల ఎంతమంది తల్లులు తమని తాము శిక్షించుకుంటున్నారో! సామెతల గ్రంథం లోకరీతిలో సాధారణంగా జరిగేదాన్ని చెప్పే జ్ఞానం, ప్రతి ఇంటికీ రాసిచ్చిన పూచీకత్తు కాదు. సమూయేలు ప్రవక్త కుమారులు తండ్రి త్రోవలో నడవలేదని మొదటి సమూయేలు ఎనిమిదో అధ్యాయం సూటిగా చెబుతుంది, అందుకు అక్కడ సమూయేలుని ఎవరూ తప్పుపట్టలేదు.

మీ అబ్బాయి మీతో నిజం చెప్పాడు. నటించడం సులువు, చాలామంది పిల్లలు అదే చేస్తారు, వాడు మీ దగ్గరికొచ్చి చెప్పగలిగాడంటే మీ ఇంట్లో నిజం మాట్లాడే చోటు మిగిలే ఉంది. దాన్ని పోగొట్టుకోకండి. పాస్టర్ గారిని పిలిపించి వాడి తల మీద చేతులు పెట్టించడం, బంధువులకి ఫోన్లు చేసి ప్రార్థన విన్నపంగా వాడి సంగతి పంచడం, దయచేసి చేయకండి.

తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీన్ తల్లి మోనికా సంగతి మీకు ధైర్యమిస్తుంది. క్రీస్తు శకం నాలుగో శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికాలో, కొడుకు తన విశ్వాసం వదిలి వేరే మతంలో కలిసిపోతే ఆమె ఒక బిషప్ దగ్గరికి వెళ్ళి, వాడితో వాదించి తప్పు చూపించమని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. వాడిప్పుడు వినే స్థితిలో లేడు, అలా వదిలెయ్, నువ్వు ప్రార్థించు, వాడే చదివి తెలుసుకుంటాడు అన్నాడు. ఆమె ఏడుస్తూ వదలకపోతే, ఇంత కన్నీటి బిడ్డ నశించిపోవడం జరగదని చెప్పి పంపేశాడు. ఆ తర్వాత ఏళ్ళకి ఏళ్ళు గడిచాయి. 387లో మిలాన్‌లో అగస్టీన్ బాప్తిస్మం తీసుకున్నాడు, అప్పటికి అతనికి ముప్పై దాటాయి. అదే ఏడాది మోనికా కన్నుమూసింది.

మీ అబ్బాయి ప్రశ్నలేమిటో అడిగి వినండి. జవాబు తెలియకపోతే తెలియదనండి, కలిసి వెతుకుదామనండి. మీకు ఎప్పుడైనా సందేహాలు వచ్చి ఉంటే, దేవుడు మౌనంగా ఉన్నాడనిపించిన రోజులుంటే, అవి కూడా చెప్పండి. మార్కు తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని కేకవేస్తే ప్రభువు ఆ సగం నమ్మకాన్ని తోసేయలేదు, బిడ్డని బాగుచేశాడు. ఆదివారం మీరు మందిరానికి వెళ్తూ "వస్తావా?" అని ఒక్కసారి మామూలుగా అడగండి. రానంటే సరే అనండి. తిరిగొచ్చాక ముఖం ముడుచుకోకుండా వాడితో కలిసి భోజనానికి కూర్చోండి.

ప్రశ్న: నేను సండే స్కూల్ టీచర్ని, క్వయర్‌లో పాడతాను, స్త్రీల కూడిక కూడా నేనే నడుపుతాను. మొన్న మా రెండో అమ్మాయి "నేను కూడా మీ సండే స్కూల్ పిల్లనైతే బాగుండేది, నాతో కూడా మాట్లాడేదానివి" అంది. పరిచర్య తగ్గించుకుంటే దేవుడికి అన్యాయం చేసినట్టా?

జవాబు: కాదు. మీ అమ్మాయి కూడా దేవుడు మీకప్పగించిన పనే. ఇంగ్లండులో సుసన్నా వెస్లీకి పంతొమ్మిది మంది పుట్టారు, పది మందే బతికారు. భర్త సంఘ కాపరి, ఇంట్లో అప్పులు, 1709లో ఇల్లే కాలిపోయింది. ఆ తల్లి వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకి కేటాయించి, వేరుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. జాన్‌ది గురువారం. మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ అతనే, పెద్దయ్యాక కూడా ఆ గురువారాల్ని తలుచుకుని తల్లికి ఉత్తరం రాశాడు.

మీ మూడు బాధ్యతల్లో ఒకటి ఇంకొకరికి ఇవ్వండి. ఏది ఇవ్వాలో మీ ఆయనతో కూర్చుని తేల్చుకుని పాస్టర్ గారికి చెప్పండి, బదులుగా ఎవరైనా దొరికే దాకా ఆగుదామనుకోకండి, దొరకరు. ఖాళీ అయిన ఆ సాయంత్రం ఆ అమ్మాయిదేనని తనకి చెప్పండి. బైబిల్ పాఠంతో మొదలుపెట్టొద్దు, ముందు తను ఏం చెబుతుందో వినండి.