తుఫానుకు కంచె కూలింది, తోటలో ఆవులు పడ్డాయి: కట్టేసుకోవచ్చా?

ప్రశ్న: మేము చెన్నై కొళత్తూరులో ఉంటాం. పెరియపాళెం దగ్గర ఎకరంన్నర తోట ఉంది, అరటి, మల్లె వేశాం. మొన్నటి తుఫానుకు కంచె రాళ్ళు విరిగి, ముళ్ళతీగ తెగి నేలపాలైంది. అప్పటినుంచి రోజూ రాత్రి పశువులు తోటలో పడుతున్నాయి. పశువులున్న పక్క పొలం ఆయన్ని అడిగితే, ‘గాలికి పడిన కంచెకు నన్నడిగితే ఎలా? మీ కంచె మీరు కట్టుకోండి’ అంటున్నాడు. విసిగిపోయి నిన్న రాత్రి రెండు ఆవులను పట్టి కట్టేశాం. ఒకదాని చెవికి పసుపు బిళ్ళ ఉంది. రెండోది ఎవరిదో తెలియదు, పాలిచ్చే ఆవు. నష్టం కట్టేదాకా ఉంచుకోవచ్చా? పాలు పిండుకోవచ్చా? కాపలావాడు తీగకు కరెంటు పెడదామంటున్నాడు.

జవాబు: ముందు కరెంటు సంగతి. వద్దు, ఒక్క రాత్రికి కూడా వద్దు. లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తే, చచ్చేది ఆవైనా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. మనిషే తగిలితే అది హత్యా నేరం దాకా కూడా వెళ్ళగలదు. గుళికల మందు కలిపిన తవుడు పెడదామనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. దానికీ అదే సెక్షన్.

ఇక కట్టేసిన ఆవులు. మీ తోట ఉన్న ఊరికి 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం వర్తిస్తుంది. పాతదే అయినా మీ వైపే ఉంది. పంటకు నష్టం చేస్తున్న పశువును పట్టుకునే హక్కు 10వ సెక్షన్ మీకిచ్చింది. అయితే పట్టుకున్న 24 గంటల్లో బందెలదొడ్డికి, అంటే పట్టుబడిన పశువులను ఉంచే సర్కారు దొడ్డికి, తోలాలి. నష్టం కట్టేదాకా మీ చెట్టుకే కట్టి ఉంచే హక్కు మాత్రం లేదు. ఆ గడువు దాటితే తప్పు మీ వైపుకు తిరుగుతుంది. అక్రమంగా నిర్బంధించారని ఆవు యజమాని పట్టుకున్న నాటినుంచి 10 రోజుల్లో మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి ఇది చదివిన వెంటనే కదలండి.

‘మా ఊళ్ళో బందెలదొడ్డి ఎక్కడుంది సార్?’ అంటారు. నిజమే, చాలా ఊళ్ళలో అది కాగితం మీదే మిగిలింది. పంచాయతీ ఆఫీసులో అడగండి. లేదంటే, ఆవులు ఎప్పుడు దొరికాయి, ఏం మేశాయి, దొడ్డి లేనందువల్ల మీ దగ్గరే ఉన్నాయన్న సంగతి రాసి, పంచాయతీకీ, వీఏఓకీ (గ్రామ పాలనాధికారి) ఒక్కో అర్జీ, పోలీసు స్టేషన్‌లో ఒకటి ఇవ్వండి. స్టేషన్‌లో సీఎస్‌ఆర్ రసీదు, అంటే ఫిర్యాదు అందినట్టు ఇచ్చే చీటీ, అడిగి తీసుకోండి. రేపు మీ మీద దొంగతనం కేసు పెడతామంటే అడ్డుపడేది ఆ చీటీయే. చెవి బిళ్ళ మీద 12 అంకెల నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ప్రభుత్వ పశువైద్యశాలలో ఇస్తే, నమోదైన యజమాని ఎవరో వాళ్ళు కంప్యూటరులో చూడగలరు.

పాలిచ్చే ఆవును పిండకపోతే పొదుగు వాచిపోతుంది, కాబట్టి పిండటం తప్పు కాదు. దూడ వెంట ఉంటే దాన్ని పాలకు వదలండి, సగం పని అదే చేస్తుంది. పాలు అమ్మి డబ్బు జేబులో వేసుకుంటేనే చిక్కు. ఆ పాలు యజమానివి. ఎన్ని లీటర్లు పిండారో, మేతకు ఎంతైందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎవరూ రాకపోయినా ఆవు మీదైపోదు. దొడ్డికి తోలితే, 7 రోజుల్లో ఎవరూ రాకుంటే పోలీసులకు తెలియజేస్తారు, నోటీసు అంటిస్తారు, మరో 7 రోజులు చూసి వేలం వేస్తారు. మీరే సంతకు తోలి అమ్మితే నేరం.

అసలు పేచీ పక్కాయన మాట మీద. కంచె మీది కాబట్టి బాధ్యతా మీదే అంటున్నాడు. చట్టం చూసే తీరు వేరు: పశువును కట్టుకోవాల్సిన బాధ్యత పశువున్నవాడిది. మీకు కంచె లేకపోయినా ఆయన ఆవుకు మీ అరటి మేసే హక్కు రాదు. తుఫాను రాత్రి కొట్టం కూలి, ఆవు తాడు తెంచుకుని వచ్చిందంటే, దైవాధీనమన్న వాదన ఆయనకు కొంత పనికొస్తుంది. ఆ రాత్రికి నేనూ ఆయన్ని తప్పుపట్టను. గాలి ఆగి, రోడ్లు తెరుచుకుని, పాలవ్యాను మళ్ళీ తిరుగుతున్నాక కూడా రోజూ సాయంత్రం తాడు విప్పి వదిలేస్తుంటే అది తుఫాను చేసిన పని కాదు. అందుకే తేదీలు ముఖ్యం. తుఫానుకు విరిగిన అరటి వేరు, ఆవులు మేసిన అరటి వేరు. గాలికి నడిమికి విరుగుతుంది. పశువు ఆకు లాగి, పిలకను కొరికి, తడి నేలలో గిట్టల గుర్తులు వదులుతుంది. రెండింటికీ విడివిడిగా, దగ్గరనుంచి ఫోటోలు తీయండి. పంటనష్టం పరిహారానికి వీఏఓ లెక్క రాసుకునేది మొదటిదే. దానికి 33 శాతం పైన నష్టం ఉండాలి. రెండోది ఆవు యజమాని నుంచి రాబట్టాలి.

రాబట్టడానికి సివిల్ దావా వేయవచ్చు, గడువు 3 ఏళ్ళు. నాలుగు అరటి పిలకలకు దావా వేయమని నేను చెప్పను, వకీలు ఫీజుకే చాలదు. తాలూకా న్యాయసేవల కమిటీకి ఒక అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు లేకుండా ఇద్దరినీ కూర్చోబెడతారు. ఎదురుపడి లెక్క తేల్చుకోవడం పల్లెలో ఎక్కువ పని చేస్తుంది.

ఇదే చెన్నై నగరంలో జరిగితే సలహా మారేది. చెన్నైలాంటి పాత ప్రెసిడెన్సీ పట్టణాలకు (బ్రిటిష్ కాలపు రాజధాని నగరాలకు) 1871 చట్టం వర్తించదు. అక్కడ మీరు పట్టుకోకండి, కార్పొరేషన్ 1913కి ఫోన్ చేయండి. వాళ్ళు పుదుపేట, పెరంబూరు దొడ్లకు తోలుతారు. 2024లో జరిమానా మొదటిసారికే 10 వేలకు పెంచారు.

కొత్త కంచె వేసే ముందు తాలూకా ఆఫీసులో ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీసుకుని, సర్వేయరుతో, పక్కాయన ఎదుటే హద్దు కొలిపించండి. విరిగిన రాళ్ళను అప్పటిదాకా తీయకండి. పాత హద్దు ఎక్కడుందో చెప్పేది ఆ మొదళ్ళే.