మెసేజ్‌లో విషయం రాయకండి

జైలుకు వెళ్లి వచ్చినవారిని వాట్సాప్, ఫేస్‌బుక్‌లలో వెతికి ఇంటర్వ్యూకు ఒప్పించడం ఎలా అని అడిగారు. ప్రకటన పెట్టి మాత్రం కాదు.

మాది ఒడిశాలోని రాయగడ. గంజాయి మూటలు మోస్తూ పట్టుబడ్డ కుర్రవాళ్ల మీద పరిశోధన చేస్తూ, మాట్లాడినవారికి 500 రూపాయలు ఇస్తామని ఊరి గ్రూపుల్లో నేనూ ప్రకటించాను. రెండు రోజుల్లో 30 మందికి పైగా వచ్చారు. అందులో ఒకడు 22 కిలోలతో దొరికి, పదో రోజుకే బెయిల్ మీద వచ్చేశానన్నాడు. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణం కనిపించనిదే జడ్జి బెయిల్ ఇవ్వరు. నిజంగా లోపల గడిపినవాడికి ఆ సెక్షన్ నంబరు నిద్రలోనూ గుర్తుంటుంది.

అసలువాళ్లు ఒకరి ద్వారా ఒకరు దొరుకుతారు. అలా ఒకతను తనతో జైల్లో ఉన్న మరొకరి నంబరు ఇచ్చాడు. నేను నా పేరు, యూనివర్సిటీ, 'మీ జైలు అనుభవం గురించి' అంటూ తెలుగులో పద్ధతిగా రాసి పంపాను. మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా మాత్రమే చదువుకున్నవాళ్లు ఎందరో. ఆ అబ్బాయీ అంతే. ఇదేమిటో చదివి చెప్పమని ఫోను భార్య చేతికిచ్చాడు. ఆమెది పార్వతీపురం.

రాత్రి తొమ్మిదింటికి వాళ్లమ్మ ఫోను చేసింది. "బాబూ, ఆ రెండేళ్లూ మావాడు చెన్నైలో పనిచేశాడని చెప్పి పెళ్లి చేశాం." తిట్టలేదు. వెనక ఎవరో గిన్నెలు విసురుగా సర్దుతున్న చప్పుడు.

ఇప్పుడు ముందుగా తెలిసినవారి చేతే నోటిమాటగా చెప్పిస్తాను. ఇష్టమైతే వాళ్లే నాకు ఫోను చేస్తారు. పేర్లు, కోర్టుకు ఎక్కని సంగతులు చెప్పవద్దని మొదటే అంటాను. విన్నది బయటపెట్టనక్కర్లేదంటూ వకీలుకు ఉన్న గోప్యతా రక్షణ మన చట్టంలో పరిశోధకుడికి లేదు. పరిశోధనకు అనుమతినిచ్చే మా యూనివర్సిటీ కమిటీ పెద్దలకు ఇదేమీ పట్టదు. ఆరు పేజీల అంగీకారపత్రం, కింద సంతకం కావాలి వాళ్లకు! సంతకమంటేనే హడలిపోయేవాడు ఆరు పేజీల కాగితాన్ని ముట్టుకుంటాడా? నోటి అంగీకారం చాలని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

ఆ తల్లి వారం తరవాత మళ్లీ ఫోను చేసింది. కోడలు ఇంట్లోనే ఉందట. తమ నంబరు నాకు ఇచ్చిందెవరని అడిగింది. చెప్పలేదు.