టెక్ సందేహాలు: 15 బార్ మెషీన్‌లో 9 బార్ కాఫీ

ఈసారి మెయిళ్లలో ఫోన్లు, లాప్‌టాప్‌లు వెనక్కి జరిగాయి, ఎస్‌ప్రెసో మెషీన్లు ముందుకొచ్చాయి. ఏ పార్టు మారిస్తే కాఫీ బాగుపడుతుందని చాలామంది అడిగారు. ఒకాయన ఏకంగా మూత విప్పేసి, లోపలి ఫొటో పంపి, "ఇప్పుడేం చేయను?" అన్నారు. ముందు ప్లగ్గు పీకండి సార్, ఫొటోలో పవర్ లైటు వెలుగుతూ కనిపిస్తోంది.

అందరికీ కలిపి ఒక మాట చెప్పి జవాబుల్లోకి వెళ్తాను. గ్రాములో పదో వంతు దాకా చూపించే డిజిటల్ తూకం లేకుండా ఏ పార్టూ కొనొద్దు. 18 గ్రాముల పొడి వేస్తే 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇదేమీ శిలాశాసనం కాదు, బయల్దేరడానికి ఒక గుర్తు మాత్రమే. కానీ ఆ గుర్తు లేకపోతే, మార్చిన పార్టు పనిచేసిందో, ఆ రోజు మన నాలుక బాగుందో తేల్చుకోలేం.

నా మెషీన్ మీద పెద్ద అక్షరాలతో 15 బార్ అని ఉంది. స్ప్రింగ్ మార్చి 9కి తగ్గించమంటున్నారు. ఉన్న బలాన్ని చేజేతులా పోగొట్టుకోవడం కాదా?

కాదు. బార్ అంటే ప్రెషర్‌ని కొలిచే ప్రమాణం. ఆ 15 మీ కాఫీకి అందే ప్రెషర్ కాదు, పంపు ఎంతవరకు తోయగలదో చెప్పే అంకె. అదీ ఎప్పుడంటే, నీళ్లు బయటికి పోయే దారి పూర్తిగా మూసేసినప్పుడు. ఇళ్లలో వాడే మెషీన్లలో ఎక్కువగా ఉండేది వైబ్రేషన్ పంపు. అందులో చిన్న పిస్టన్ కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు కొట్టుకుంటుంది: 50 హెర్ట్జ్ సరఫరా ఉంటే సెకనుకు 50 సార్లు. ఆ గుర్రుమనే చప్పుడు దాందే. ఈ పంపు స్వభావం ఏమిటంటే ప్రెషర్ పెరిగేకొద్దీ నీళ్ల ధార తగ్గుతుంది. దాని గరిష్ఠ అంకెను పెట్టె మీద వేసుకోవడం అమ్మకందారుకి బాగుంటుంది, అంతే.

మరి 9 ఎక్కడినుంచి వచ్చింది? మొదట్లో ఆవిరితో నడిచిన మెషీన్లలో ప్రెషర్ ఒకటిన్నర, రెండు బార్లు దాటేది కాదు. 1940ల చివర్లో ఇటలీకి చెందిన అకిల్లే గాజియా లీవరు, స్ప్రింగు పెట్టి దాన్ని ఎనిమిది, తొమ్మిది బార్ల దాకా తీసుకెళ్లాడు. కప్పు మీద నురగలా తేలే క్రెమా అప్పటినుంచే. 1961లో ఫయెమా కంపెనీ ఇ61 మెషీన్‌తో లీవరు తీసేసి కరెంటు పంపు పెట్టి, ఇంచుమించు అదే ప్రెషర్‌ని స్థిరంగా ఇచ్చింది. (ఆ పేరులో 'ఇ' అంటే ఎక్లిప్స్. ఆ ఏడాది పట్టిన సూర్యగ్రహణం మీద పెట్టారు.) అంటే 9 అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనిషి చేత్తో లాగిన స్ప్రింగ్ బలం నుంచి వచ్చింది.

ప్రెషర్ పెంచితే నీళ్లు ఇంకా వేగంగా దిగుతాయనుకుంటాం. నొక్కిపెట్టిన పొడి బిళ్ల దగ్గర ఆ లెక్క నడవదు. బలం ఎక్కువైతే బిళ్ల ఇంకా బిగుసుకుంటుంది. ఎక్కడో ఒక బలహీనమైన చోట నీళ్లు పగులు వెతుక్కుని అందులోంచే పారిపోతాయి. దీన్నే చానెలింగ్ అంటారు. పగులు పక్కనున్న పొడిలోంచి సారమంతా పిండేసి చేదు దిగుతుంది, మిగతా పొడి సగం తడిసి పులుపు ఇస్తుంది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు స్ప్రింగ్ సంగతి. పంపుకీ బాయిలర్‌కీ మధ్య ఓపీవీ అనే చిన్న వాల్వు ఉంటుంది. ప్రెషర్ హద్దు దాటితే అది తెరుచుకుని మిగులు నీళ్లను ట్యాంకులోకి తిప్పి పంపుతుంది. ఆ హద్దును నిర్ణయించేది లోపలున్న స్ప్రింగ్ బిగువే. గాజియా క్లాసిక్ ప్రో లాంటి మెషీన్లలో ఫ్యాక్టరీ స్ప్రింగ్ 9 కంటే బాగా పైన తెరుచుకునేది. వాడేవాళ్లు 9 బార్ స్ప్రింగ్, కొందరు 6.5 బార్ స్ప్రింగ్ కొని మార్చుకోవడం ఎంత మామూలైపోయిందంటే, తర్వాత వచ్చిన ఇవో ప్రో మోడల్‌ని కంపెనీ తనే 9 బార్‌తో తెచ్చింది. మీ మెషీన్ కొత్తదైతే ముందు అది చూసుకోండి, మార్చాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

విప్పేటప్పుడు మెషీన్ పూర్తిగా చల్లారాలి, ప్లగ్గు గోడ నుంచి బయటికి రావాలి. స్విచ్ ఆపితే చాలదు. రెండు స్పానర్లు కావాలి: ఒకటి వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది మూత తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే వాల్వు బదులు దాన్ని పట్టుకున్న గొట్టం మెలిక పడుతుంది. మూత వస్తుండగా కింద గుడ్డ పరచుకోండి, వేలి కొస అంత స్ప్రింగు ఎగిరి వాషింగ్ మెషీన్ కింద దూరితే ఆ రోజు కాఫీ లేనట్టే. స్ప్రింగ్ కింద రబ్బరు ముఖమున్న చిన్న పిన్ను ఉంటుంది. దాని మీద తెల్లటి సున్నపు పొర కనిపిస్తే తుడిచేయండి. వాల్వు సరిగా మూసుకోకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

బిగించాక నిర్ధారణ ఎలా? పోర్టాఫిల్టర్‌కి, అంటే పొడి వేసే బాస్కెట్‌ని పట్టుకునే హ్యాండిల్‌కి, బిగించే ప్రెషర్ గేజి ఉంటే మంచిది. అయితే దారి మూసేసి కొలిచిన అంకె, నీళ్లు పారుతున్నప్పటి అంకె కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి 10 దగ్గర కనిపిస్తే కంగారు పడి మళ్లీ విప్పొద్దు. గేజి లేకపోతే, షాట్ (ఒక విడత కాఫీ) దిగుతున్నప్పుడు ట్యాంకులోకి వెళ్లే సన్న గొట్టం కొస చూడండి. అక్కడ నీళ్లు కారుతున్నాయంటే ఓపీవీ తెరుచుకుని పనిచేస్తోందని అర్థం. కొత్త స్ప్రింగ్‌తో ఇంతకుముందు కంటే మెత్తగా రుబ్బినా చానెలింగ్ కాకుండా దిగుతుంది. అసలు లాభం అక్కడే ఉంది. స్ప్రింగ్ మార్చి గ్రైండర్ సెట్టింగ్ ముట్టుకోకుండా "తేడా ఏం లేదు" అనేవాళ్లు చాలామంది.

మెషీన్‌తో వచ్చిన రెండు గోడల బాస్కెట్‌కి అడుగున ఒక్కటే సన్న రంధ్రం ఉంది. డ్రిల్లుతో దాన్ని పెద్దది చేస్తే మామూలు బాస్కెట్ అయిపోతుంది కదా?

కాదు. ఆ సన్న రంధ్రం దారిని ఇరుకు చేసి, పొడి ఎలా ఉన్నా ప్రెషర్ పుట్టించి నురగ తెప్పిస్తుంది. దాన్ని పెద్దది చేస్తే ఆ ఒక్క పనీ పోతుంది. పైగా డ్రిల్లు చేసిన అంచున లోహపు ముళ్లు మిగులుతాయి, అవి కప్పులో పడతాయి. ఒక గోడ బాస్కెట్ కొనుక్కోండి. కొనేముందు లోపలి వ్యాసం కొలవండి. 58, 54, 51 మిల్లీమీటర్ల కొలతలు బాగా వాడుకలో ఉన్నాయి. బాస్కెట్ సరిపోయినా పోర్టాఫిల్టర్ చెవులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, "54 కదా" అని హ్యాండిల్ కూడా ఆర్డర్ చేసేయొద్దు.

ఇంకో మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. రెండు గోడల బాస్కెట్ గ్రైండర్ తప్పుల్ని కప్పిపుచ్చుతుంది, ఒక గోడది వాటిని బయటపెడుతుంది. ప్యాకెట్‌లో వచ్చిన పొడి వేస్తే పది సెకన్లలో బుడబుడమని పారిపోతుంది. అప్పుడు బాస్కెట్‌ని తిట్టి లాభం లేదు. చేతిలో ఉన్న సొమ్ము ఒక్కదానికే సరిపోతే, మెషీన్ లోపలి పార్టులన్నీ పక్కనబెట్టి గ్రైండర్ మార్చండి.

బాయిలర్ వేడిని నిలకడగా ఉంచే పీఐడీ కిట్ పెట్టాలనుకుంటున్నాను. సెన్సరు, రిలే, డిస్‌ప్లే అన్నీ వచ్చాయి. నిజంగా అంత తేడా ఉంటుందా?

స్ప్రింగ్ తర్వాత నేను సిఫారసు చేసే మార్పు ఇదే. మామూలు మెషీన్లలో వేడిని చూసేది టక్కుమని తెగి, టక్కుమని కలిసే థర్మోస్టాట్. తెగే చోటికీ కలిసే చోటికీ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉండొచ్చు. కాఫీకి కావాల్సింది సుమారు 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ నీళ్లు. ఆ చిన్న ఇరుకులో నిలబడాల్సిన నీళ్లు పొద్దున ఒకలా, పది నిమిషాల తర్వాత ఇంకోలా ఉంటే, అదే పొడి రెండు రుచులిస్తుంది. పీఐడీ అయితే ఎంత వేడి తక్కువుందో, ఎంత వేగంగా మారుతోందో లెక్కగట్టి హీటర్‌కి కరెంటు కొద్దికొద్దిగా ఇస్తుంది.

రెండు జాగ్రత్తలు. సెన్సరు అంటుకునేది బాయిలర్‌కి, పొడికి కాదు. తెర మీద 95 కనిపించినా పొడి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు చల్లబడతాయి. ఆ తేడాను సెట్టింగ్‌లో కలిపేసుకోవాలి. రెండోది ప్రాణానికి సంబంధించింది: హీటర్‌కి కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, అంటే సాలిడ్ స్టేట్ రిలేలు, పాడైనప్పుడు తరచుగా ఆన్‌లోనే ఇరుక్కుపోతాయి. అంటే హీటర్ ఆగదు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది బాయిలర్‌కి అంటించి ఉన్న థర్మల్ ఫ్యూజు. వైరింగ్ సులువవుతుందని దాన్ని తీసేసి తీగలు కలిపే వీడియోలు నేనూ చూశాను. ఆ పని చేయొద్దు. ఎర్త్ తీగ కూడా విప్పిన చోటే తిరిగి బిగియాలి. తీగ తెగకుండా కలిసి ఉందో లేదో మీటరుతో చూడటం రానివాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇందులో నామోషీ ఏం లేదు.

కిట్ పెట్టేదాకా ఉచిత మార్గం ఒకటుంది. థర్మోస్టాట్ టక్కుమని తెగిన చప్పుడు విని, అక్కడినుంచి ప్రతిసారీ ఒకే లెక్క, ఉదాహరణకి ఇరవై అంకెలు లెక్కపెట్టి షాట్ మొదలుపెట్టండి. కాఫీ పుల్లగా ఉంటే లెక్క తగ్గించండి, చేదుగా ఉంటే పెంచండి. బాగా మాడ్చిన గింజలకు తక్కువ వేడి, లేతగా వేయించిన వాటికి ఎక్కువ వేడి సరిపడుతుంది.

ఇదే వరుసలో గాజ్జియుయినో గురించి కూడా ముగ్గురు అడిగారు. గాజియా మెషీన్‌కి మైక్రోకంట్రోలర్, ప్రెషర్ సెన్సరు తగిలించి, పంపు బలాన్ని సెకను సెకనుకూ మార్చే ఔత్సాహికుల ప్రాజెక్టు అది. అద్భుతమైన పని. కానీ ఒకే రకం షాట్ వరసగా నాలుగుసార్లు దింపలేని చేతికి అది అక్కర్లేదు. వీణ శ్రుతి చేయకుండా స్పీకర్లు మార్చినట్టుంటుంది.

అడుగు లేని పోర్టాఫిల్టర్ కొన్నాను. కాఫీ అన్ని వైపులా చిమ్ముతోంది. పార్టు నాసిరకమా?

పార్టు బాగానే ఉంది, అది మీ పొడి గురించి నిజం చెబుతోంది. నేను కొత్తలో ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని దాని ముందు వంగి చూశాను. ఆ చొక్కా ఇప్పుడు మెషీన్ విప్పేటప్పుడు కింద పరిచే గుడ్డ.

బాస్కెట్ అడుగును గమనించండి. మొదట అంచుల వెంట ముదురు చుక్కలు పొడుచుకొస్తాయి, తర్వాత మధ్యకి పాకుతాయి, అన్నీ కలిసి ఎలుక తోకలా సన్నటి ఒక్క ధార అవుతాయి. మీ దగ్గర ఒక పక్కన ముందే లేత పసుపు ధార వస్తోందంటే అక్కడ పొడి పలుచగా ఉంది. ట్యాంపర్‌తో గట్టిగా నొక్కితే ఇది పోదు. నొక్కడానికి ముందు ఉండలు విడగొట్టాలి. 2005లో జాన్ వైస్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ చాలు: సన్నటి సూదులతో పొడిని అడుగు దాకా కలపడం. కార్కులో అరమిల్లీమీటరు కంటే సన్నటి నాలుగు సూదులు గుచ్చుకుంటే పరికరం సిద్ధం. లావు సూదులు గాడులు చేస్తాయి తప్ప ఉండలు విడగొట్టవు. గ్రైండర్‌లో పొడి అతుక్కుపోతుంటే రుబ్బే ముందు గింజల మీద ఒక్క చుక్క నీళ్లు చల్లండి. స్టాటిక్ తగ్గి ఉండలు తగ్గుతాయని 2023లో 'మేటర్' పత్రికలో పరిశోధన కూడా వచ్చింది. అదే పత్రికలో 2020లో వచ్చిన ఇంకో పరిశోధన, పొడి ఒక హద్దు దాటి మెత్తనైతే సారం పెరగదు సరికదా తగ్గుతుందని చూపించింది. కాబట్టి చిమ్మడం ఆగకపోతే ఒక మెట్టు బరకగా రుబ్బి చూడండి.

లెక్క కావాలనుకునేవాళ్లకి: రిఫ్రాక్టోమీటర్‌లో కాఫీ గాఢత 9.5 శాతం వచ్చి, 18 గ్రాముల పొడికి 36 గ్రాములు దిగితే, కప్పులో కరిగినది 3.42 గ్రాములు. అంటే పొడిలో 19 శాతం సారం దిగింది. 18 నుంచి 22 మధ్య ఉంటే బాగున్నట్టే.

పొడి మీదికి నీళ్లు చల్లే జల్లెడ, అదే షవర్ స్క్రీన్, త్రీడీ ప్రింటర్‌తో చేసుకోవచ్చా?

వద్దు. మామూలు పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అక్కడ నీళ్లు 90 దాటి ఉంటాయి. పొడి కిందపడకుండా బాస్కెట్ మీద పెట్టుకునే గరాటు ప్రింట్ చేసుకోండి, అది వేడి తగలని చోటు. షవర్ స్క్రీన్‌కి స్టీలుది కొనండి. దాని పైనున్న అల్యూమినియం పళ్లేన్ని ఇత్తడిది పెట్టుకుంటే వేడి కాస్త నిలకడగా ఉంటుంది. అయితే సీసం లేని ఇత్తడి అని రాసున్నదే తీసుకోండి.

హ్యాండిల్ చుట్టూ నీళ్లు కారుతున్నాయి. గట్టిగా బిగిస్తే ఆగుతున్నాయి.

హ్యాండిల్‌కీ మెషీన్‌కీ మధ్య నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు, అదే గ్యాస్కెట్, గట్టిపడిపోయింది. ఇంకా గట్టిగా బిగిస్తూ పోతే ఏదో ఒక రోజు చెవి విరుగుతుంది. అదే మందం ఉన్న సిలికాన్ గ్యాస్కెట్ వేయండి, రబ్బరు కంటే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. పాతది రాకపోతే ఆ రబ్బరులోకి చెక్కకు వాడే స్క్రూ ఒకటి ఎక్కించి ప్లయర్‌తో లాగండి. గాడిలో మిగిలిన నల్ల పొడిని పాత టూత్ బ్రష్‌తో తోమి, కొత్తది పెట్టాక ఖాళీ బాస్కెట్‌తో రెండు కప్పుల వేడి నీళ్లు పారబోయండి. మొదటి కప్పు నల్లగా వస్తే భయపడకండి.