ఇంట్లో ఉన్న కంప్రెసర్‌తో కారు టైర్లకు గాలి కొట్టుకోవచ్చా?

నిక్షేపంగా కొట్టుకోవచ్చు. పెయింట్ స్ప్రేకి కొన్న 24 లీటర్ల ట్యాంకు కంప్రెసర్ ఉంటే, ఈ పనికి అది ఎక్కువే. అలాంటివి సాధారణంగా 8 బార్ వరకు, అంటే సుమారు 116 పీఎస్‌ఐ దాకా నింపుకుంటాయి (రెండూ గాలి ప్రెజరు కొలతలే). మామూలు కారు టైరుకు కావలసింది 30-35 మధ్యే. 28కి దిగిన టైరును 33కి తేవడానికి ట్యాంకులోంచి పోయే గాలి చాలా తక్కువ. ఒకసారి నిండితే నాలుగు టైర్లూ అయిపోతాయి.

స్ప్రే గన్ తీసేసి, గేజీ ఉన్న టైర్ ఇన్‌ఫ్లేటర్ గన్ తగిలించండి. రెగ్యులేటర్‌ను, అంటే బయటికొచ్చే గాలి ప్రెజరును అదుపు చేసే నాబ్‌ను, 50 పీఎస్‌ఐ దగ్గర పెట్టి, కొంచెం కొంచెంగా కొడుతూ చూసుకోండి. కంప్రెసర్ మీద మీటర్లు చూపేది ట్యాంకు, పైపుల ప్రెజరు, టైరుది కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఎంత కొట్టాలో డ్రైవర్ డోర్ తెరిస్తే అంచున స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి, అంతదాకా కొట్టమని కాదు.

పొద్దున్నే, బండి కదపకముందే కొట్టండి. మధురవాడ నుంచి గాజువాక దాకా వెళ్లొచ్చి చూస్తే, వేడికి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే కనిపిస్తుంది.

విశాఖలో అసలు జాగ్రత్త పడాల్సింది నీటి గురించి. మన సముద్రపు గాలిలోని తేమంతా ట్యాంకు అడుగున నీళ్లై చేరుతుంది. పని అయ్యాక ప్రతిసారీ కింద ఉన్న డ్రెయిన్ వాల్వ్ తిప్పి ఆ నీళ్లు బయటికి వదిలేయండి. తుప్పునీళ్లు వస్తే కంగారు పడకండి, కానీ బద్ధకించకండి. లోపల తుప్పు తిని పలచబడ్డ ట్యాంకులో 8 బార్ గాలి నింపడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.