సంగీత సందేహాలు: మాట లేని పాట, కాలం మారని దెబ్బ

ప్రశ్న: ముప్పయ్యేళ్ళుగా మా వీధి రామమందిరంలో భజనకు హార్మోనియం వాయిస్తున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పండగకు వచ్చినప్పుడు కియాస్మోస్ అనే ఐస్లాండు జంట చేసిన తొలి ఆల్బమ్ వినిపించాడు. అందులో మాట లేదు, పాడేవారు లేరు. ఒకటే దెబ్బ, ఒకటే స్వరాల వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. అయినా మధ్యలో లేచి వెళ్ళబుద్ధి కాలేదు. దీన్ని సంగీతం అనవచ్చునా? అంటే, ఎలా వినాలి?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, లేచి వెళ్ళబుద్ధి కాలేదని రాశారు గనుక మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పేశారు. రెండవదే అసలు ప్రశ్న.

ముందుగా ఆ ఇద్దరి గురించి. ఓలావుర్ ఆర్నాల్డ్స్ ఐస్లాండువాడు. కుర్రతనంలో హోరెత్తించే రాక్ బృందాలలో డ్రమ్ములు వాయించి, తరువాత పియానో, తీగవాద్యాల వైపు తిరిగాడు. ఒక బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికకు ఇచ్చిన సంగీతానికి 2014లో బాఫ్టా (బ్రిటిష్ సినిమా, టెలివిజన్ అకాడమీ) పురస్కారం కూడా అందుకున్నాడు. రెండవవాడు యానుస్ రాస్ముస్సెన్. ఐస్లాండులో స్థిరపడినా ఇతని స్వస్థలం ఐస్లాండుకూ నార్వేకూ నడుమ సముద్రంలో ఉన్న ఫారో దీవులు కాబట్టి, ఐస్లాండు జంట అన్నమాట కొంత సవరించి వాడుకోవలసినదే. 2009లో మొదలైన ఈ జోడీ తొలి పూర్తి ఆల్బమ్ తమ పేరుతోనే 2014 అక్టోబరులో లండన్‌కు చెందిన ఇరేస్డ్ టేప్స్ సంస్థ ద్వారా వచ్చింది. మొత్తం ఎనిమిది రచనలు. ప్రతిదాని పేరూ ఒకే ఒక ఆంగ్లపదం: లిట్, హెల్డ్, లూప్డ్, ఇలా. ఐస్లాండు అనగానే ప్రతి స్వరానికీ మంచునూ అగ్నిపర్వతాలనూ అంటగట్టే వ్యాసాలు చాలా వస్తుంటాయి. నాకు అవి నచ్చవు. ఈ ఆల్బమ్ రెయ్క్యావిక్‌లోని ఒక స్టూడియోలో, సింథసైజర్లు (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యాలు), డ్రమ్ మెషీన్లతో (దెబ్బలు పలికించే యంత్రాలతో) పాటు పియానోనూ నలుగురు వాయించే తీగవాద్యాలనూ నిజమైన డ్రమ్ములనూ కూర్చి ఓపికగా చేసిన పనితనం. దాని అందం ఆ కూర్పులో ఉంది.

ఇక వినే తీరు. భజనలో ఒకే నామాన్ని ఎన్ని ఆవృత్తాలు పాడతామో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే మన భజనలో కాలం, అంటే నడక వేగం, పెరుగుతుంది. విలంబంలో మొదలైన నామం చెక్కలవారి కాళ్ళు ఆడేకొద్దీ వేగం పుంజుకుంటుంది, విసుగు పుట్టకుండా కాపాడేది ఆ వేగమే. కియాస్మోస్ చేసేది దీనికి సరిగ్గా ఎదురు. వారి రచనలో నాలుగు మాత్రలకు నాలుగు దెబ్బలు పడుతూ ఉంటాయి, కాలం అంగుళమైనా కదలదు, మారేదల్లా నాదం రంగు. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగిలినదంతా వినబడుతుందని నా నమ్మకం.

రంగు మారడం అంటే ఏమిటో మీ హార్మోనియం మీదే చూడండి. పైమూత వేసి ఒక స్వరాన్ని అలాగే నొక్కిపట్టి, బెల్లోస్ ఒకే తీరుగా ఆడిస్తూ, మూతను కొద్దికొద్దిగా పైకెత్తండి. స్వరం అదే, శ్రుతి అదే. కాని మెత్తగా, గదిలోంచి వస్తున్నట్టున్న ధ్వని క్రమంగా పదునెక్కి ముందుకు వస్తుంది. సింథసైజర్‌లో ఫిల్టర్ అనే భాగం చేసే పని ఇదే. మూత తెరిచిన కొలదీ పై పౌనఃపున్యాలు (వేగంగా కంపించే సన్నని ధ్వనులు) బయటికి వస్తాయి. మనం ఒక్క క్షణంలో ఎత్తేసే ఆ మూతను ఈ తరహా సంగీతకారులు రెండు మూడు నిమిషాల పాటు ఎత్తుతారు. అదే స్వరాల వరుస పదహారోసారి వచ్చినప్పుడు మొదటిసారి వచ్చినట్టు ఎందుకు లేదో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకొకటి గమనించండి. ఈ తరహా రచనల్లో పెద్ద దెబ్బ పడిన ప్రతిసారీ మిగిలిన వాద్యాల ధ్వనిని ఒక్క లిప్త తగ్గించి మళ్ళీ లేపే పద్ధతి ఒకటి ఉంది. దానివల్ల వెనకనున్న స్వరాలు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటాయి. మిమ్మల్ని కూర్చోబెట్టినవాటిలో అదీ ఒకటై ఉండవచ్చు. గాయకుడు లేకపోయినా శ్వాస ఉన్నట్టు తోస్తుంది కదా!

ఎనిమిదింటినీ వరుసగా, మధ్యలో ఆపకుండా వినండి. గంటలోపే అయిపోతుంది. నచ్చితే పదేళ్ళ తరువాత, 2024లో వచ్చిన వారి రెండవ ఆల్బమ్ కూడా అబ్బాయిని అడిగి వినవచ్చు.

ప్రశ్న: ఈ ఆల్బమ్ గురించి స్నేహితురాలు గొప్పగా చెబితే ఫోనులో పెట్టుకుని విన్నాను. టిక్కు టిక్కు అనే చప్పుడు, అక్కడక్కడా సన్నని పియానో తప్ప ఏమీ వినిపించలేదు. లోపం నా చెవిదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: కాదమ్మా, లోపం ఫోను స్పీకరుదే. ఈ సంగీతంలో పెద్ద దెబ్బ సుమారు 50, 60 హెర్ట్‌జ్‌ల దగ్గర, అంటే సెకనుకు అన్ని కంపనాలతో, మోగుతుంది. వేలిగోరంత స్పీకరు అంత మంద్రాన్ని పలికించలేదు. మృదంగంలో ఎడమవైపు తొప్పిని తీసేసి కుడివైపు వలంతలను మాత్రమే వింటే ఎలా ఉంటుందో ఊహించండి. తొప్పికి రవ్వ ముద్ద పెట్టేదే ఆ గంభీరనాదం కోసం. అనంతపురం వైపు గంగమ్మ జాతరలో ఉరుములు అనే తోలువాద్యం వాయించేవారి పక్కన నిలబడినవారికి, కర్రతో చర్మాన్ని రాసినప్పుడు వచ్చే ఆ మూలుగు చెవి కంటే ముందు గుండెకు తగులుతుంది. ఇక్కడ కూడా అలాంటి అడుగు స్వరమే పునాది. మామూలు తీగ హెడ్‌ఫోన్లైనా చాలు, చెవిని పూర్తిగా కప్పేవైతే మరీ మంచిది. మంద్రం వినబడాలని శబ్దం మాత్రం పెంచకండి. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ప్రశ్న: మన దేశంలో ఎవరైనా ఇలాంటి సంగీతం చేశారా?
– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: చేశారు, అదీ చాలా ముందుగా. హిందీ సినిమా వాద్యబృందాలలో గిటారు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సంస్థ వారి టీబీ 303, టీఆర్ 808, జూపిటర్ 8 అనే సింథసైజర్, డ్రమ్ యంత్రాల మీద పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయలో వాయించి ఆల్బమ్‌గా ఇచ్చారు. అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాకే ప్రపంచం ఆశ్చర్యపోయి విన్నది. ఆయన 2015లో కన్నుమూశారు. ఆ పదింటిలో భూపాలీతో మొదలుపెట్టండి. అది మన మోహన రాగానికి సరిజోడు కాబట్టి, యంత్రం మీద పలుకుతున్నా స్వరాలు ఎటు పోతున్నాయో మీకు ముందే తెలుస్తూ ఉంటుంది.