నెగటివ్ అయాన్ నెగటివ్ పలక వైపే ఎందుకు పోతుంది?

మీరు అడిగినవి రెండు. జింకు, రాగి పెట్టిన సెల్ లోపల ద్రావణంలోంచి ఎలక్ట్రాన్లు పోతాయా? నెగటివ్ అయాన్ (నెగటివ్ ఛార్జి ఉన్న కణం) నెగటివ్‌గా ఉన్న జింకు వైపే ఎందుకు పోతుంది? ఇంటర్‌లో నన్ను బాగా సతాయించింది ఈ రెండోదే. సమీకరణాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, విషయం బుర్రకెక్కింది ఆ తర్వాతి ఎండాకాలం, ఇంట్లో దీపం ఒత్తితో చేసి చూసినప్పుడే.

మాది నెల్లూరు జిల్లా, అల్లూరు దగ్గర. వరికి జింకు లోపం వస్తే చల్లే జింక్ సల్ఫేట్, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) రెండూ ఎరువుల కొట్లోనే తెచ్చాను. రెండు గ్లాసుల్లో విడివిడిగా కలిపి, ఒకదాంట్లో పాత టార్చి సెల్ డొల్ల నుంచి కోసిన జింకు ముక్క, నీలం నీళ్లలో రాగి తీగ పెట్టాను. 1836లో బ్రిటిష్ శాస్త్రవేత్త డేనియల్ చేసిన సెల్‌కి ఇది నాటు రూపం. మీటర్ తగిలిస్తే సున్నా. ఇస్కపల్లి ఉప్పు కలిపిన నీళ్లలో ఒత్తి తడిపి, చెరో కొన చెరో గ్లాసులో వేశాను. ఒక వోల్టు దాటింది. పుస్తకం లెక్క 1.1.

లోపల జరిగేది ఇదీ. జింకు పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలి, తను పాజిటివ్ అయాన్‌గా నీళ్లలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు తీగ వెంట రాగి దగ్గరికి పోతాయి. అక్కడ రాగి అయాన్లు వాటిని తీసుకుని లోహంగా మారి తీగకు అంటుకుంటాయి. ఎలక్ట్రాన్లు ద్రావణంలో ప్రయాణించవు. అయితే జింకు గ్లాసులో పాజిటివ్‌లు పెరుగుతున్నాయి, నీలం గ్లాసులో నెగటివ్ సల్ఫేట్లు మిగిలిపోతున్నాయి. ఈ తేడా పిసరంత పెరిగినా చర్య ఆగిపోతుంది. అందుకే ఒత్తిలోని ఉప్పులో నెగటివ్ అయాన్ క్లోరైడ్ జింకు గ్లాసుకు, పాజిటివ్ అయాన్ సోడియం రాగి గ్లాసుకు కదులుతాయి. క్లోరైడ్‌ను పిలిచేది కొత్తగా నీళ్లలోకి దిగిన జింకు అయాన్లే. మీ రెండో ప్రశ్నకు జవాబు అదే.

మీటర్‌ని కరెంటు వైపు తిప్పి వదిలేస్తే, కాసేపటికి అంకె పడిపోతూ వచ్చింది. జింకు అయిపోయిందేమో అనుకున్నాను. చూస్తే మే నెల వడగాలికి ఒత్తి నడుమ గట్టిపడి, పైన తెల్లగా ఉప్పు పేరుకుంది. నాలుగు చుక్కలు ఉప్పునీళ్లు వేయగానే అంకె లేచింది. ఉప్పు ఎక్కడికీ పోలేదు, కాకపోతే ఎండిన గడ్డలో అయాన్లు బిగుసుకుపోయి కదల్లేవు.

అయాన్ల నడక చాలా నిదానం. సెంటీమీటరుకు ఒక వోల్టు ఉన్నా, నీళ్లలో సోడియం గంటకు సుమారు 2 సెంటీమీటర్లే పోతుంది. అయినా కరెంటు వెంటనే వస్తుంది, ఎందుకంటే నిండు కాలువకు తూము ఎత్తితే నీళ్లన్నీ ఒకేసారి కదిలినట్టు, అయాన్లన్నీ ఎక్కడివక్కడ ఒక్కసారే జరుగుతాయి.

మా రొయ్యల గుంట దగ్గర జనరేటర్ బ్యాటరీలోనూ నెగటివ్ అయాన్ నెగటివ్ పలకకు చేరడం కనిపిస్తుంది. ఫుల్ ఛార్జిలో, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.27 దగ్గర చూపిస్తుంది, దిగిపోతే 1.15 దగ్గరికి వస్తుంది. యాసిడ్‌లోని సల్ఫేట్ రెండు రకాల పలకలకూ పట్టి ద్రావణం పలచబడుతుంది.

మీరూ చేసి చూడండి. రెండు గ్లాసుల్లో నీళ్లు ఒకే ఎత్తులో ఉంచండి, లేకపోతే ఒత్తి వెంట ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దిగిపోతాయి. మైలుతుత్తం విషం, ఆ గ్లాసులు మళ్లీ వంటింట్లోకి తేవద్దు.