పదేళ్లుగా కదలని పద్మినిని ట్రాక్టర్ ట్రక్కులో ఇంటికి తేవచ్చా?

మీరు అడిగింది ఇదీ: కాలం చేసిన పెదనాన్నగారి ఊళ్లో పదకొండేళ్లుగా షెడ్డులో పడి ఉన్న ప్రీమియర్ పద్మిని కారు ఉంది, ఇంజను తిరగదు. తెలిసినవాళ్లు ట్రాక్టరూ దాని వెనక తగిలించే ట్రక్కూ ఒక్కరోజుకి ఇస్తామన్నారు. నలభై కిలోమీటర్లు తేవచ్చా అని.

తేవచ్చండీ. నేను తెచ్చాను, ఇలాంటి పద్మినినే, భట్టిప్రోలు దగ్గరి పల్లె నుంచి తెనాలికి. దారి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రోడ్డు మీద రెండు గంటలు కూడా పట్టలేదు. షెడ్డులోంచి ట్రక్కులోకి ఎక్కించడానికి మాత్రం పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. మీ బెంగంతా దూరం మీద ఉన్నట్టుంది. దాన్ని షెడ్డు గుమ్మం మీదికి మార్చుకోండి.

ముందుగా టేపు పట్టుకుని ట్రక్కు దగ్గరికి వెళ్లండి. ఫోన్లో "పెద్ద ట్రక్కేలే" అంటే నమ్మకండి. మాకు మొదట ఇస్తానన్నది పదడుగుల ట్రక్కు. పద్మిని పొడవు పదమూడు అడుగులకు కాస్త తక్కువ, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఏడడుగుల ఎనిమిది అంగుళాలు. ముక్కు ముందు పలకకి ఆనించినా వెనక చక్రాలు ట్రక్కు అంచుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగుతాయి. ఒక్క గుంత చాలు. ఆ లెక్క చూసి భయపడి, మా బాబాయి వరసాయన్ని బతిమాలి పన్నెండు అడుగుల ట్రక్కు తెచ్చుకున్నాను. అందులో డిక్కీ ఒక అడుగు బయటికి వచ్చింది కానీ చక్రాలు నిక్షేపంగా లోపల ఉన్నాయి. బరువు గురించి ఆలోచించక్కర్లేదు. కారు తొమ్మిది వందల కిలోలు ఉంటుంది, ఆ ట్రక్కులు మోసే ధాన్యం ముందు అదెంత.

రెండోది, తెచ్చే రోజుకి వారం పదిరోజుల ముందే ఒకసారి వెళ్లి కారుని కదిలించి చూడండి. నేను వెళ్లేసరికి నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయి ఉన్నాయి, వెనక సీటు కింద ఎలుకల గూడు, దాని పక్కనే మూరెడు పాము కుబుసం. (చేతికర్ర లేకుండా డోరు తెరవకండి. వెటకారం కాదు.) టైర్లు పగుళ్లిచ్చినా ఫరవాలేదు, 5.20-14 సైజు ట్యూబులు నాలుగు కొని వేయించాను, ఆ ఒక్కరోజుకి గాలి నిలిచింది. బ్రేకులే ఏడిపించాయి. పద్మినికి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ఏళ్ల తరబడి నిలబెడితే లోపలి బ్రేకు లైనింగు డ్రమ్ముకి తుప్పుతో కరుచుకుంటుంది. ఎడమ వెనక చక్రం అస్సలు తిరగలేదు. జాకీ ఎత్తి, బ్లీడర్ నట్టు (బ్రేకు ఆయిలు వదిలేది) వదులు చేసి, డ్రమ్ము చుట్టూ సుత్తితో తడుతూ పోతే దాదాపు అరగంటకి 'టక్' మంది. ఆ చప్పుడు వినేదాకా ఆపకూడదు. అలాగని చక్రం తిరగకపోయినా ట్రాక్టర్ కట్టి లాగేద్దాం అనుకునే ఉత్సాహవంతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లని టీకి పంపించండి. న్యూట్రల్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. గేరు లివరు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి, దాన్నుంచి కింద గేరుబాక్సుకి పోయే రాడ్లు బిగుసుకుపోతే పైన లివరు న్యూట్రల్ చూపించినా కింద గేరు పడే ఉండొచ్చు. మాకదే అయింది. ప్లగ్గులు నాలుగూ ఊడదీస్తే గేరులో ఉన్నా ఇంజను తేలిగ్గా తిరుగుతుందన్నారు, కానీ అది పట్టేసి ఉంది. చివరికి కింద దూరి రాడ్డుని చేత్తో నెట్టాల్సి వచ్చింది.

ఇక ఎక్కించడం. ట్రక్కు నేలకి మూడడుగుల పైన ఉంటుంది, పలకలు వేసి అంత ఎత్తు నెట్టడం ఎనిమిది మంది వల్ల కూడా కాదు. మా డెల్టాలో ఒక సుఖం ఉంది: రోడ్డు ఎత్తులో, పొలం పల్లంలో. కోతలైపోయి మాగాణి ఎండిన ఫిబ్రవరి నెల. ట్రక్కుని చేల్లోకి దింపి, వెనక్కి నడిపించి, దాని వెనక అంచు గట్టు ఎత్తుకి సరిపోయి రోడ్డు దగ్గరికి వచ్చేలా పెట్టించాం. మధ్యలో జానెడు సందు, దాని మీద రెండు మందపాటి తాటి దూలాలు. వానలు పడ్డాక ఈ పని పెట్టుకోకండి, నల్లరేగడిలో ట్రాక్టరే దిగబడుతుంది.

కారు ముక్కుతోనే ఎక్కాలి. ఇంజను బరువు ట్రాక్టర్ వైపు ఉంటేనే హుక్కు మీద ఒత్తిడి పడి బండి నిలకడగా వస్తుంది. తిరగేసి ఎక్కిస్తే ట్రక్కు తోకబరువై ముందు భాగం పైకి లేస్తుంటుంది, దారంతా ఊగుతుంది. మా కారు షెడ్డులో ముక్కు లోపలికి పెట్టి ఉండేది, పెరట్లో దాన్ని మళ్లించడానికే గంట పట్టింది.

నేను ఊహించని సంగతి అప్పుడు జరిగింది. ముందు చక్రాలు ట్రక్కు అంచు మీదికి రాగానే, ఇరుసు వెనక బరువు పడి తోక కిందికి కుంగింది. అవతల హుక్కు పిన్నులో ఉన్న కాస్త వదులుకి ముందు భాగం ఎగిరి 'ఠంగు'మంది, ఒక దూలం జారి పల్లంలో పడింది. కారు కింది భాగం గట్టు మీద ఆనింది కాబట్టి సరిపోయింది, వెనక నెడుతున్నవాళ్ల మీదికి జారి ఉంటే ఏమయ్యేదో. తర్వాత ఊళ్లో పెద్దాయన ఒకరు వచ్చి చూసి, "తోక కింద ఏదీ పెట్టకుండా ఎట్టా ఎక్కిస్తారయ్యా" అని కేకలేసి, సిమెంటు దిమ్మలు తెప్పించి రెండు మూలల కిందా పేర్పించారు. అంతే, మళ్లీ కదల్లేదు. అక్కడి నుంచి మనుషుల్ని పక్కకి తప్పించి, బోర్ల మేస్త్రీ దగ్గర తెచ్చిన చైన్ బ్లాకుని (గొలుసుతో బరువులు లాగే కప్పీ) ట్రక్కు ముందు హుక్కుకి తగిలించి అంగుళం అంగుళం లాగాం. ఇద్దరు కుర్రాళ్లు వెనక చక్రాల కింద రాళ్లు జరుపుతూ వచ్చారు.

స్టీరింగు పట్టుకోవడానికి నేను లోపల కూర్చున్నాను. తీరా ఎక్కాక చూస్తే డోరు తెరుచుకోదు, పక్క పలకకీ కారుకీ మధ్య ఏడంగుళాలే. నలుగురూ నవ్వుతుండగా కిటికీలోంచి బయటపడ్డాను. మీలో సన్నగా ఉన్నవాళ్లని కూర్చోబెట్టండి.

కట్టేటప్పుడు బంపర్‌కి తాడు వేయకండి, అది ఊడి చేతికొస్తుంది. వెనక ఇరుసుకీ, ముందు చక్రాల మధ్య ఉండే అడ్డ బీముకీ కట్టాలి, ముందుకీ వెనక్కీ ఎదురెదురుగా. మోకులతో పాటు లారీ బెల్టులు రెండు అడిగి తెచ్చుకోండి. కారు తన స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతుంది కదా, ఎంత బిగించినా మొదటి రెండు కిలోమీటర్లకే వదులవుతుంది. అక్కడ ఆపి మళ్లీ బిగించండి. చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డులు మేకులతో కొట్టేశాం.

రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ట్రక్కుకి బ్రేకులుండవు, ఆపాల్సింది ట్రాక్టరే, ఇరవై దాటనివ్వకండి. డిక్కీకి ఎర్రగుడ్డ కట్టండి, పగలే వచ్చేయండి. వేమూరు దగ్గర ట్రక్కు టైరు పంక్చరైంది, స్టెప్నీ లేదు. అరువు బండి తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, నేను అడగలేదు. ఒక సెంటర్లో కానిస్టేబుల్ ఆపి కాగితాలడిగారు. పాత ఆర్సీ, అమ్మినట్టు రాయించుకున్న కాగితం చూపిస్తే సరేనన్నారు. ఛాసిస్ నంబరు ఆర్సీతో కలిసిందో లేదో ఎక్కించకముందే చూసుకోండి. మీ పెదనాన్నగారు కాలం చేశారని రాశారు కాబట్టి ముందు వారసుల పేరుకి ఫారం 31 మీద మార్చుకుని, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మీ పేరుకి తెచ్చుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ వేరే ఉంటుంది.

దింపడం సంగతి అందరూ మర్చిపోతారు. మా వీధిలో గట్టు ఎక్కడిది! అదృష్టం కొద్దీ పక్కవాళ్లు పైఅంతస్తు వేస్తూ గ్రావెల్ గుట్ట పోయించారు. దాన్ని చదును చేయించి, పలకలు పరిచి, అదే చైన్ బ్లాకుతో వదులుతూ దింపాం. మరుసటి రోజు ఆ గుట్టని మళ్లీ పోగు చేయించే కూలీ నాదే. మీ ఇంటి దగ్గర అలాంటిదేమీ లేకపోతే ఏదైనా గోడౌన్ లోడింగు అరుగు చూసి పెట్టుకోండి. అదీ కుదరకపోతే ఈ తతంగమంతా మానేసి ఫ్లాట్‌బెడ్ రికవరీ వ్యాను మాట్లాడుకోండి. డీజిలు, పంక్చరు, కూలీ, ఎనిమిది మందికి భోజనాలు కలిపితే నాకు మిగిలింది పెద్దగా ఏమీ లేదు. ట్రక్కు తిరిగిచ్చేటప్పుడు కడిగించి, టైరు బాగుచేయించి పంపాను, చెక్క అడ్డులకి కొట్టిన మేకులు మాత్రం పీకించడం మర్చిపోయాను. బాబాయి పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా ఇప్పటికీ అదే అంటాడు.